పసికంటికి కరెంటు బిళ్ళ

కేన్సరుకు మందులున్నాయంటే జనం వింటారు. ఆపరేషను చేయాలంటే భయపడినా చివరికి ఒప్పుకుంటారు. "కరెంటు పెట్టాలి" అన్న మాట చెవిన పడగానే మాత్రం చాలామంది ఇంటిదారి పడతారు. ఆ మాట ఎవరు పుట్టించారో గాని, రేడియేషను చికిత్సకు మా వరంగల్లు వైపు ఆ పేరే స్థిరపడిపోయింది. కరెంటు అనగానే మనకు వైరు, షాకు, మాడిపోవడం గుర్తుకు వస్తాయి. రేడియేషనులో ఇవేవీ లేవు. షాకు కొట్టదు, ఆ సమయంలో నొప్పి తెలియదు. అయినా పేరు పేరే. ఆ కరెంటు రెండేళ్ళయినా నిండని పసిపిల్లకు, అందులోనూ కంటికి పెట్టాలన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళ పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు.

కాజీపేట నుంచి ఒక తాతగారు రాసిన ఉత్తరం నా ముందున్నది. పేరు వేయవద్దన్నారు. విషయం ఇది. మనవరాలికి ఇరవై నెలలు. పదో నెలలో ఎడమ కంటిపాప తెల్లగా మెరుస్తుంటే హైదరాబాదు తీసుకువెళ్ళారు. రెండు కళ్ళలోనూ కేన్సరు గడ్డలున్నాయన్నారు. ఎడమకన్ను గడ్డతో నిండిపోయిందని తీసేశారు. కుడికన్ను దక్కించడానికి ఆరుసార్లు సెలైనులో మందు ఎక్కించారు. గడ్డలు కరిగాయి. అందరూ ఊపిరి పీల్చుకున్న తరువాత ఒక గడ్డ మళ్ళీ పెరగడం మొదలుపెట్టింది. ఇప్పుడు కంటి మీద రేడియేషను బిళ్ళ పెట్టి కుట్టి, కొన్ని రోజులుంచి తీస్తామంటున్నారు. పాప తల్లికి ఇప్పుడు అయిదో నెల. బిళ్ళ ఉన్నన్ని రోజులు ఆవిడ పాప దగ్గరకు రాకూడదట. "తల్లి లేకుండా పసిదాన్ని ఎలా ఉంచేది? ప్రసవం అయ్యేదాకా ఆగవచ్చునా? కరెంటు మెదడుకు పాకదా? తరువాత పాపను తల్లి ఎత్తుకోవచ్చునా? పుట్టబోయే బిడ్డ మాటేమిటి? కంట్లో ఆకుపసరు పోసేవారు ఉన్నారు, నెలరోజులు చూద్దామని మా బావమరిది పట్టుబడుతున్నాడు." ఇవీ ప్రశ్నలు. చివర కాటుక గురించి కూడా అడిగారు.

తాతగారూ, ముందుగా మీ అసలు ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను. ఆగకూడదు. ప్రసవం అయ్యేదాకా అంటే నాలుగు నెలల పైమాట. మళ్ళీ పెరగడం మొదలుపెట్టిన గడ్డకు నాలుగు నెలలు చాలా ఎక్కువ. ఇవాళ బిళ్ళకు లొంగే గడ్డ అప్పటికి బిళ్ళ పరిమితిని దాటిపోవచ్చు. గింజలు రాల్చినట్టు కంటి లోపలి ద్రవంలో ముక్కలు చల్లవచ్చు. కంటినరం దారిపట్టి వెనక్కు పోవచ్చు. అప్పుడు ప్రశ్న కన్ను గురించి కాదు, పిల్ల ప్రాణం గురించి. పాపను నేను చూడలేదు, కనుక ఆమె కంటికి బిళ్ళ తగునా తగదా అన్నది నేను చెప్పరాదు. అది మత్తులో కన్ను పరీక్షించిన డాక్టర్లు నిర్ణయించిన విషయం. వారు నిర్ణయించిన తరువాత వాయిదా వేయవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను.

ఈ జబ్బు పేరు రెటినోబ్లాస్టోమా. కెమేరాలో ఫిల్ము ఎక్కడుంటుందో కంట్లో రెటీనా అక్కడ ఉంటుంది, వెనకగోడకు అంటుకుని. ఆ పొర ఇంకా తయారవుతున్న వయస్సులో, పక్వానికి రాని కణాలనుంచి పుట్టే కేన్సరు ఇది. అందుకే పెద్దవాళ్ళలో కనబడదు. నూటికి తొంభై పైగా అయిదేళ్ళ లోపు పిల్లల్లోనే బయటపడుతుంది. పుట్టిన పిల్లల్లో సుమారు 15,000 నుంచి 20,000 మందికి ఒకరికి వస్తుందని లెక్క. అరుదైనదే. కాని మన దేశంలో పుట్టే పిల్లల సంఖ్య ఎంత? అందువల్ల ఏటా వెయ్యికి పైనే కొత్త కేసులు వస్తాయి.

ఒక మంచిమాట ఏమిటంటే, పసిపిల్లల కేన్సర్లలో బాగా నయమయ్యే వాటిలో ఇదొకటి. గడ్డ కంటి లోపల ఉండగా పట్టుకుంటే నూటికి తొంభై అయిదు మందికి పైగా పిల్లలు బతుకుతారు. సంపన్న దేశాల అనుభవం అది. మన దగ్గర అంత ఫలితం రాకపోవడానికి కారణం మందులు లేక కాదు, ఆలస్యం వల్ల. కన్ను ముందుకు ఉబికి వచ్చిన తరువాత ఆసుపత్రి గడప తొక్కేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఆకుపసరు మాట కూడా ఇక్కడే తేల్చేద్దాం. గడ్డ ఉన్నది కంటి లోపల, వెనకగోడ మీద. పైన పోసిన చుక్క అక్కడికి చేరదు. పసరు అయినా, తేనె అయినా, తల్లిపాలు అయినా అంతే. నల్లగుడ్డు మీద పుండు పడి పువ్వు వేయడం మాత్రం జరుగుతుంది. ఆ పువ్వు అడ్డువస్తే డాక్టరుకు లోపలి గడ్డ కనబడదు. ఉన్న ఒక్క కిటికీకి మనమే సున్నం కొట్టినట్టు. మీ బావమరిది గారికి ఈ నాలుగు మాటలు చదివి వినిపించండి. ఆయన కూడా పిల్లమీద ప్రేమతోనే చెబుతున్నారు. కోపగించుకోకుండా చెప్పండి.

ఇప్పుడు బిళ్ళ సంగతి. డాక్టర్లు దీన్ని ప్లేక్ అంటారు. చికిత్స పేరు బ్రాకీథెరపీ, అంటే దగ్గరనుంచి చేసే రేడియేషను అని అర్థం. మామూలు రేడియేషనులో యంత్రం దూరాన ఉంటుంది. కిరణం చర్మం, ఎముక, దారిలో ఉన్న సమస్తం దాటుకుంటూ గడ్డను చేరుతుంది. ఒకప్పుడు ఈ పిల్లలకు అదే చేసేవారు. 1903లోనే అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో హిల్‌గార్ట్‌నర్ అనే డాక్టరు ఈ గడ్డకు ఎక్స్‌రే ప్రయోగించాడు. ఆ పద్ధతి వల్ల ఎందరో పిల్లలకు చూపు దక్కింది. కాని ఏళ్ళు గడిచాక నష్టం కూడా తెలిసింది. కణత ఎముక పెరగక ముఖం ఒకవైపు లొత్తపడేది. పుట్టుకతో జన్యులోపం ఉన్న పిల్లల్లో ఆ కిరణం సోకిన ఎముకలో, కండలో పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో ఇంకో కేన్సరు పుట్టేది. ఏడాది నిండని పిల్లల్లో ఆ ప్రమాదం మరీ ఎక్కువ. అందుకని ఇవాళ బయటినుంచి ఇచ్చే రేడియేషనును వేరే దారి లేనప్పుడే వాడుతున్నారు. మీ పాపకు రెండు కళ్ళలోనూ వచ్చింది గనుక ఆ లోపం ఉన్నట్టే లెక్క. మీ డాక్టర్లు పెద్ద యంత్రం జోలికి పోకుండా బిళ్ళను ఎంచుకోవడంలో ఉన్న తెలివి అదే.

బిళ్ళ ఆలోచన లండనులో పుట్టింది. ఫాస్టర్ మూర్ అనే కంటి డాక్టరు, ఆయనతోపాటు స్టాలర్డ్ మొదలైనవారు, రెటీనా గడ్డలకు రేడాన్ గింజలతో చేసిన చికిత్సను 1931లో ప్రకటించారు. తరువాత స్టాలర్డ్ దాన్ని మెరుగుపరచి, 1948 ప్రాంతాల్లో కోబాల్టు నింపిన వంపు బిళ్ళలు తయారుచేయించి కంటి గోడకు కుట్టడం మొదలుపెట్టాడు. ఈ స్టాలర్డ్ 1924 పారిస్ ఒలింపిక్సులో 1500 మీటర్ల పరుగుపందెంలో కంచు పతకం గెలిచిన మనిషి! కోబాల్టు కిరణం మరీ చురుకైనది, బిళ్ళ వెనకవైపు నుంచి కూడా దూసుకుపోయేది. ఆ లోపాన్ని తీర్చినవి తరువాత వచ్చిన రెండు పదార్థాలు. ఒకటి అయోడిన్ 125, రెండోది రుథీనియం 106. రుథీనియాన్ని కంటికి అలవాటు చేసినవాడు తూర్పు జర్మనీ డాక్టరు లోమాట్ష్, 1960 దశకంలో.

రుథీనియం బిళ్ళ ఎలా ఉంటుందంటే, చిన్న వెండి చిప్పలా ఉంటుంది. కనుగుడ్డు వంపుకు సరిగ్గా అమరేలా లోపలికి వంగి ఉంటుంది. మందం సుమారు 1 మిల్లీమీటరు. వెడల్పు గడ్డను బట్టి, మన పాత పది పైసల బిళ్ళకంటే చిన్నదే. రుథీనియం పూత లోపలివైపు, అంటే కంటివైపు ఉంటుంది. వెనక ఉన్న వెండి కిరణాలను చాలావరకు ఆపేస్తుంది. అయోడిన్ బిళ్ళలో వెనక బంగారం రేకు ఉంటుంది, లోపల బియ్యపుగింజంత అయోడిన్ గింజలు అతికిస్తారు. వెండి బంగారాలు మనకు నగలకే పనికొస్తాయనుకుంటాం గదా!

రుథీనియం కిరణాలకు ఒక గుణం ఉంది. అవి కొద్ది మిల్లీమీటర్లు పోయేసరికి బలం కోల్పోతాయి. అందుచేత సుమారు 5, 6 మిల్లీమీటర్ల ఎత్తు దాటని గడ్డలకే ఈ బిళ్ళ తగినది. అంతకంటే ఎత్తయిన వాటికి, సుమారు 8 మిల్లీమీటర్ల దాకా, అయోడిన్ వాడతారు. ఇప్పుడు మీ రెండో ప్రశ్న చూడండి. ఆ వయస్సు పిల్ల కనుగుడ్డు అడ్డుకొలత 20 మిల్లీమీటర్ల పైచిలుకు. గుడ్డు గోడమీద ఒకచోట కుట్టిన రుథీనియం బిళ్ళ కిరణం అవతలి గోడకే సరిగా చేరదు. ఇక మెదడుదాకా పాకడం ఎక్కడిది? వెనకవైపు వెండి అడ్డం ఉండనే ఉంది. జుట్టు రాలడం, వాంతులు, రక్తం తగ్గడం, ఇవి పాప చూసిన ఇదివరకటి మందువల్ల వచ్చే బాధలు. బిళ్ళవల్ల అవి రావు.

ఇంతకీ ఈ రుథీనియం ఎక్కడిది? అణువిద్యుత్ కేంద్రంలో వాడి పారేసిన ఇంధనంలో ఉండే పదార్థాల్లో అదొకటి. వెనక బిళ్ళలను జర్మనీ నుంచి తెప్పించుకోవలసి వచ్చేది, ఖరీదు ఎక్కువ. బొంబాయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం వారు ఆ వాడేసిన ఇంధనం నుంచి రుథీనియాన్ని వేరుచేసి, వెండిమీద పూసి, స్వదేశీ బిళ్ళను తయారుచేశారు. 2020లో ప్రభుత్వం ఆ సంగతి ప్రకటించింది. దాన్ని మొదట రోగులకు వాడినచోట్లలో మన హైదరాబాదు కూడా ఉంది. అంతకు చాలాముందే, భాభా కేంద్రం వారి అయోడిన్ గింజలతో మద్రాసు శంకర నేత్రాలయ డాక్టర్లు బిళ్ళలు కట్టి వాడారు. అణుశక్తి అంటే బాంబు ఒక్కటే అనుకునేవారికి ఈ కబురు చెప్పాలి.

ఆపరేషను ఎలా జరుగుతుందో చెబుతాను. తెలిస్తే సగం భయం తగ్గుతుంది. పాపకు పూర్తి మత్తు ఇస్తారు. తెల్లగుడ్డు మీద ఉండే పలుచని పొరను కొంచెం కోసి, గడ్డ లోపల సరిగ్గా ఎక్కడున్నదో వెలుగు వేసి చూసి, బయట గోడమీద గుర్తు పెడతారు. కనుగుడ్డును కోయరు. లోపలికి సూది కూడా గుచ్చరు. (ఈ జబ్బులో ముక్కతీసి పరీక్షకు పంపడం అనేది లేదు. గుచ్చితే గడ్డ కణాలు బయటకు వస్తాయి. చూపుతో, స్కానింగుతో, అందులో కనబడే సున్నపు మచ్చలతోనే నిర్ధారణ చేస్తారు. ఎవరైనా "సూదితో తీసి చూద్దాం" అంటే అంగీకరించవద్దు.) మొదట కిరణాలు లేని ఉత్తుత్తి బిళ్ళను పెట్టి చోటు సరిచూసుకుంటారు. దానికి తగ్గట్టు కుట్లు సిద్ధం చేసుకుని, అప్పుడు అసలు బిళ్ళను అమర్చి ముడి వేస్తారు. అరగంటో గంటో పట్టే పని.

బిళ్ళ ఎన్ని గంటలుండాలి అనేది అంచనా మీద చెప్పే మాట కాదు. ఫిజిక్సు చదివిన నిపుణుడు గడ్డ ఎత్తు, ఆనాటికి బిళ్ళలో మిగిలిన బలం చూసి లెక్కకడతాడు. రుథీనియం బలం ఏడాదికి సగం అవుతుంది, అయోడిన్‌ది రెండు నెలలకే. గడ్డ కొసకు 40 నుంచి 45 గ్రేల మోతాదు చేరాలి. గ్రే అనేది రేడియేషను కొలత. ఆ మోతాదు అందడానికి మామూలుగా రెండుమూడు రోజులు, కొందరికి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. లెక్క ప్రకారం గంట రాగానే మళ్ళీ మత్తు ఇచ్చి బిళ్ళ తీసేస్తారు. రెండు ఆపరేషన్లు, రెండు మత్తులు. ఇదీ మొత్తం.

మత్తు అన్నాను గనుక ఒకమాట. మత్తుకు ముందు పాప కడుపు ఖాళీగా ఉండాలి. అన్నం, బిస్కెట్టు, పోతపాలు ఆరు గంటల ముందు ఆపాలి, తల్లిపాలు నాలుగు గంటల ముందు. ఏడుస్తున్నదని జాలిపడి నాయనమ్మలు కొంగుచాటున బిస్కెట్టు పెడతారు. అది మత్తులో వాంతియై ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. పెట్టిన సంగతి తెలిస్తే డాక్టరు ఆ రోజుకు ఆపరేషను మానేస్తాడు. దగ్గు, జ్వరం ఉన్నా దాచకుండా చెప్పాలి.

ఇక తల్లి విషయం. బిళ్ళ కంటిమీద ఉన్నన్ని రోజులు పాపను విడిగా ఒక గదిలో ఉంచుతారు. గర్భిణులను, చిన్నపిల్లలను ఆ గదిలోకి రానివ్వరు. వెండి అడ్డం ఉండగా భయమెందుకని అడగవచ్చు. పెద్దవాళ్ళకు ఆ కాస్తతో నష్టం లేదు. కడుపులోని బిడ్డకు అవసరం లేని కిరణం రవ్వంతైనా తగలనివ్వకూడదని నియమం. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం ఇలాంటి ఆసుపత్రిలో రేడియేషను భద్రతా అధికారి ఒకరు ఉంటారు. తోడు ఎవరుండవచ్చు, ఎంత దూరంలో, ఎంతసేపు అన్నది ఆయన చెబుతాడు. మీ ఇంట్లో పాపకు బాగా మాలిమి ఉన్నవారిని, నాయనమ్మనో మేనత్తనో, ఇప్పటినుంచే సిద్ధం చేయండి. ఒక వారం ముందునుంచి వారి చేతనే అన్నం తినిపించండి, వారి పక్కనే పడుకోబెట్టండి. పాప మీదికి కప్పుకునే అలవాటు దుప్పటి, బొమ్మ వెంట తీసుకువెళ్ళండి. ఉన్న ఒక్క కంటికీ కట్టు కడతారు గనుక ఆ రెండుమూడు రోజులు పాపకు చీకటే. చీకట్లో తెలిసిన గొంతు వినబడాలి. తల్లి గొంతు కావాలంటే ఫోనులో మాట్లాడించండి, దానికి అడ్డులేదు. కట్టు లాగేసుకోకుండా కాపలా కాయడం మాత్రం పెద్దపని.

బిళ్ళ తీసిన క్షణంనుంచి పాప ఒంట్లో రేడియేషను ఏమీ మిగలదు. దీపం ఆర్పితే గదిలో వెలుతురు మిగులుతుందా? అలాగే ఇదీను. కోడలు ఆ రోజే పాపను ఎత్తుకోవచ్చు, పక్కలో పడుకోబెట్టుకోవచ్చు, పాలు ఇస్తుంటే ఇవ్వవచ్చు. బట్టలు వేరుగా ఉతకనక్కరలేదు. ఈ విషయంలో చుట్టుపక్కలవాళ్ళు ఏవేవో చెబుతారు. వినిపించుకోకండి.

కన్ను కొన్నాళ్ళు ఎర్రగా, రెప్ప వాచి ఉంటుంది. చుక్కల మందు ఇస్తారు. గడ్డ మర్నాటికే మాయం కాదు. వారాలు, నెలలమీద కుంచించుకుపోయి, విరిగిన పాలముక్కలా తెల్లని మచ్చగా మిగులుతుంది. మచ్చ ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. సరిగ్గా ఎంచుకున్న గడ్డల్లో ఎక్కువభాగం ఈ ఒక్క చికిత్సతోనే అణుగుతాయి. అన్నీ కాదు. ఇబ్బందులు కూడా దాచను. ఏడాదికో రెండేళ్ళకో రెటీనాలోని సన్నని రక్తనాళాలు దెబ్బతినవచ్చు, కంటిలో రక్తం దిగవచ్చు, శుక్లం రావచ్చు. గడ్డ కంటినరానికి, చూపు కేంద్రానికి దూరంగా ఉంటే ఈ భయం తక్కువ. అందుకే ఆ రెండింటికీ ఆనుకుని ఉన్న గడ్డలకు బిళ్ళ వేయడానికి డాక్టర్లు వెనకాడతారు. మీ పాప గడ్డ ఎక్కడున్నదో ఒక బొమ్మ గీసి చూపమని అడగండి. అడగడంలో తప్పేమీ లేదు. తీరిక చేసుకుని గీసి చూపిస్తారు.

బిళ్ళే ఎందుకు, లేజరు కాదా, మళ్ళీ మందు ఎక్కించకూడదా అని మరికొందరు అడుగుతారు. చిన్న గడ్డలకు లేజరు, గడ్డకట్టించే చలిసూది చాలు. తొడలోని రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి కంటి నాళంలోనే మందు వదిలే పద్ధతి కూడా వచ్చింది. ఒక్కొక్క గడ్డకు ఒక్కొక్కటి. మందుకు లొంగి మళ్ళీ లేచిన ఒంటరి గడ్డకు బిళ్ళ మంచి ఆయుధం. ఏ పద్ధతీ పనిచేయనప్పుడు, కన్ను తీయడం ప్రాణం నిలిపే ఆపరేషను. 1809లో స్కాట్లండు సర్జను వార్‌డ్రాప్ ఆ మాట చెప్పినప్పుడు మత్తుమందు కూడా లేదు.

పుట్టబోయే బిడ్డ గురించి. ఈ జబ్బు రహస్యాన్ని 1971లో అమెరికాలో నుడ్‌సన్ అనే డాక్టరు కేవలం 48 మంది పిల్లల వివరాలు లెక్కవేసి పట్టుకున్నాడు. కణం అదుపు తప్పకుండా కాపలా కాసే జన్యువులు జతగా ఉంటాయి, తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి. రెండూ చెడితేనే గడ్డ పుడుతుంది. కొందరికి పుట్టుకతోనే ఒకటి చెడి ఉంటుంది, వారికి రెండుకళ్ళలో, చిన్నవయస్సులోనే వస్తుంది. ఆ జన్యువును 1986లో గుర్తించారు. పుట్టుకతో చెడినదంటే తల్లిదండ్రులనుంచి వచ్చి తీరాలని లేదు. చాలామందిలో అది ఆ బిడ్డతోనే కొత్తగా మొదలవుతుంది. కనుక "మీ వంశంలో ఉందా, మా వంశంలో ఉందా" అని వియ్యాలవారు తగువుపడడం అర్థంలేని పని. కోడలిని ఈ విషయంలో ఎవరూ ఒక్కమాట అనకుండా చూసే బాధ్యత, తాతగారూ, మీది.

అయినా పరీక్ష తప్పదు. తల్లి, తండ్రి ఇద్దరూ ఒకసారి కంటిపాపకు చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి. తమకు తెలియకుండానే మానిపోయిన పాతమచ్చ కొందరిలో ఉంటుంది. పాప రక్తంలో జన్యుపరీక్ష చేయించి లోపం ఎక్కడున్నదో తేలితే, పుట్టిన బిడ్డకు అదే పరీక్ష చేసి అది ఉన్నదీ లేనిదీ చెప్పవచ్చు. లేకపోతే మళ్ళీ మళ్ళీ మత్తు ఇచ్చి చూడవలసిన శ్రమ తప్పుతుంది. తల్లిదండ్రుల్లో లోపం లేకపోతే బిడ్డకు వచ్చే అవకాశం చాలా తక్కువ, సున్నా మాత్రం కాదు. అందువల్ల జన్యుపరీక్ష తేలేదాకా బిడ్డ కళ్ళు పుట్టిన వారంలోపల ఒకసారి, తరువాత మొదటి మూడు నెలలు నెలకొకసారైనా చూపించాలి. మీ మనవరాలు పెరిగి పెద్దదై పెళ్ళి చేసుకుంటే, ఆమె బిడ్డలకు ఒక్కొక్కరికి సగానికి సగం అవకాశం ఉంటుంది. ఇప్పటి కాగితాలు అప్పటికి కావాలి. ఒక ఫైలులో పెట్టి పెళ్ళిచీరలతోపాటు భద్రం చేయండి.

ఖర్చు మాట రాశారు. 1987లో మొదలైన హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థలో, సినిమాల ప్రసాద్ గారి కుటుంబం విరాళంతో వెలసినదది, డబ్బు కట్టలేనివారికి ఉచితంగా చూసే పద్ధతి మొదటినుంచీ ఉన్నది. కంటి కేన్సరుకు అక్కడ ప్రత్యేక విభాగం ఉంది. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర ఆహారభద్రత కార్డు చూపి ముందే అడగండి. బిల్లు కట్టాక అడిగితే లాభం లేదు.

ఇంట్లో చిన్నపిల్లలున్న తక్కిన పాఠకులకు కొంచెం చెబుతాను. ఈ జబ్బు తొలి గుర్తు కంటిపాపలో తెల్లని మెరుపు. "పిల్లి కళ్ళు" అని మనం అనేది వేరు, అది కంటి రంగు, జబ్బు కాదు. నేను చెప్పేది రంగు గుండ్రం మధ్య ఉన్న నల్లచుక్క తెల్లగా మెరవడం. ఫ్లాషుతో తీసిన ఫోటోలో రెండు కంటిపాపలూ ఎర్రగా పడితే మంచిదే. ఒకటి ఎర్రగా, ఇంకొకటి తెల్లగా పడితే కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. పిల్ల పక్కచూపు చూసినప్పుడు ఆరోగ్యమైన కన్ను కూడా ఒక్కోసారి తెల్లగా పడుతుంది, శుక్లంవల్లా, ఇంకొన్ని జబ్బులవల్లా కూడా పడుతుంది. తేల్చవలసింది డాక్టరు. ఈనాటి ఫోన్లు ఆ ఎరుపును తమంతట తామే దిద్దేస్తాయి గనుక ఫోటో బాగుందని నిశ్చింతగా ఉండరాదు. రెండో గుర్తు మెల్లకన్ను. మెల్లకన్ను అదృష్టమని మనవాళ్ళలో ఒక నమ్మకం. ఆరునెలలు దాటిన పిల్లకు కొత్తగా మెల్ల వస్తే ఆ అదృష్టాన్ని ఒకసారి రెటీనా డాక్టరుకు చూపించి తరువాత సంతోషించండి.

ఇక్కడ మడికొండలో బుధ, శనివారాలు టీకాలకు వచ్చిన పసిపిల్లల్ని, సూది వేయకముందే, కిటికీ మూసిన గదిలో తల్లి ఒళ్ళో కూర్చోబెట్టి చేయిదూరం నుంచి చూసేపరికరంతో రెండు కంటిపాపల్లోనూ ఎర్రని వెలుగు సమానంగా ఉందా లేదా చూస్తాను. ఒక్క నిమిషం పని. సూది వేశాక చూడబోతే కళ్ళు తెరవరు. మెట్టుగుట్ట జాతర ఫోటోలు పట్టుకుని వచ్చిన తల్లులు కూడా ఉన్నారు. మీ దగ్గరి ఆరోగ్య కేంద్రంలో అడగండి, చేస్తారు. అనుమానం ఉంటే వరంగల్లు ప్రాంతీయ కంటి ఆసుపత్రి, అక్కడినుంచి హైదరాబాదు. కాజీపేటలో రైలెక్కితే రెండు మూడు గంటల ప్రయాణం.

తాతగారూ, బిళ్ళ తీసిన తరువాత కూడా పాపను మత్తులో చూడటానికి మొదట్లో నెలకొకసారి రమ్మంటారు, క్రమంగా దూరం పెంచుతారు. బాగుందని మానవద్దు. ఒక్క కన్నే ఉన్న పిల్ల గనుక నడక బాగా వచ్చాక పగలని అద్దాలున్న కళ్ళజోడు పెట్టించండి, పవరు లేకపోయినా సరే. దీపావళి మందుగుండు, చిర్రగోనె ఆటల దరిదాపులకు పోనివ్వకండి. ఎడమకంటికి పెట్టిన కృత్రిమ కన్ను పిల్ల పెరిగినకొద్దీ బిగుతవుతుంది, ఏడాదికొకసారి సరిచేయించాలి.

కాటుక అడిగారు గదా. ఈ జబ్బు కాటుకవల్ల వచ్చింది కాదు, కాటుకవల్ల పోదు. కుట్లు పూర్తిగా మానేదాకా కంటి దగ్గరకు రానివ్వకండి. ఆ తరువాత కూడా కంట్లో వద్దనే నా సలహా, బజారు కాటుకల్లో కొన్నింటిలో సీసం ఉంటుంది. నాయనమ్మగారి ముచ్చట తీరాలంటే బుగ్గన ఒక చుక్క, అరికాలిలో ఒక చుక్క పెట్టమనండి.